కుందేలు పెట్టెలో ఇరవై నిమిషాలు

సూళ్లూరుపేట దగ్గర లోకల్ రైలు నుంచి ఒక డ్రాఫ్ట్స్‌మన్ జారిపడి చనిపోయాడని పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. అతను జారిపడలేదు. తోసేశారు. చొక్కా జేబులో పోలీసులకు దొరికింది ఒక్క ఇత్తడి టోకెన్. దాని మీద కుందేలు బొమ్మ.

మూడు రోజుల తర్వాత, 1986 మే నెలలో ఒక ఉదయం, తిరుపతి బస్టాండు ఎదుటి హోటల్లో చీఫ్ కృష్ణస్వామి ఆ టోకెన్‌ను ఏజెంట్ ధనంజయ ముందు పెట్టాడు. నుదుట నామం, ఒళ్ళో లడ్డూల సంచి. చూసినవాళ్ళు ఆయన్ని కొండ దిగి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు అనుకుంటారు.

ఇడ్లీలు అయిపోయేలోపు బ్రీఫింగ్ ముగిసింది. 'రాకెట్టెక్కిన కుందేలు' అనే పిల్లల సినిమా వేసవి సెలవుల్లో ఊరిని ఊపేస్తోంది. ఆ సినిమా కథతో తయారైన వీడియో గేమ్ ఒకటి గాంధీ రోడ్డు గేమ్ పార్లర్‌లో ఉంది. ఈ టోకెన్ అక్కడిదే. తెప్పించినవాడు మార్టిన్. పైకి ఆటబొమ్మల వ్యాపారి, అసలుకు ఒక విదేశీ ముఠాకు ఇక్కడి నాయకుడు. చనిపోయిన డ్రాఫ్ట్స్‌మన్ అతనికి తను పనిచేసే రాకెట్ కేంద్రం రాడార్ ఫ్రీక్వెన్సీల జాబితా అమ్మాడు. కాగితాలు తగలబడ్డాయి. జాబితా మొత్తం ఆ గేమ్ మెషీన్‌లోని ఒకే ఒక్క చిప్‌లో ఉంది. మధ్యాహ్నానికి మెషీన్ రిపేరు పేరుతో లారీలో మద్రాసు హార్బరుకు బయల్దేరుతుంది.

"కౌంటర్లో అమృతవల్లి ఉంటుంది," అన్నాడు కృష్ణస్వామి. "మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. నిజంగా ఎవరి పని చేస్తోందో నాకింకా తేలలేదు. తోతాపురి మామిడి వచ్చిందా అని అడుగు. నీలం మాత్రమే ఉందంటే నమ్ము."

పదిన్నర దాటాక ధనంజయ మెకానిక్‌లా ఖాకీ చొక్కా వేసుకుని, టూల్ బాక్సు పట్టుకుని పార్లర్‌లో అడుగుపెట్టాడు. లోపల ఇసుక వేస్తే రాలనంత మంది పిల్లలు. కౌంటర్లో ఆకుపచ్చ షిఫాన్ చీరలో అమృతవల్లి టోకెన్లు ఇస్తోంది. పిల్లల తండ్రులు ఆమెను చూడ్డానికే అక్కర్లేని టోకెన్లు మళ్ళీ మళ్ళీ కొంటున్నారు.

"తోతాపురి వచ్చిందా మేడమ్?"

ఆమె తల ఎత్తలేదు. "మెషీన్ వెనకాల చూడు. త్వరగా కానీ," అంది.

నీలం మాట రాలేదు. వెనుదిరగాల్సింది అక్కడే. కానీ మెషీన్ కళ్ళెదుట ఉంది, టైము లేదు. బీరువా అంత పెట్టె అది. గోడకూ దానికీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. ధనంజయ దూరాడు. వెనక తలుపు తీసి, అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు కోసం మోకాళ్ళ మీద లోపలికి పాకాడు.

వెనక తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది.

మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. పిక్చర్ ట్యూబు మెడ చెంపకు బెత్తెడు దూరంలో వేడిగా గుయ్యిమంటోంది. తగిలితే వేల వోల్టులు. అవతల ఎవరో టోకెన్ వేశారు. కుందేలు పాట మొదలైంది.

పాట మధ్యలో మార్టిన్ గొంతు ఇంగ్లీషులో వినిపించింది. లారీని నమ్మలేడట. పదకొండుంబావుకు కారు వస్తుంది, చిప్ తనే చేత్తో పట్టుకుపోతాడు. ఏ చిప్ అని అడిగాడు.

"అడుగు వరసలో ఎర్ర స్టిక్కరు ఉన్నది," అంది అమృతవల్లి, అవసరం కన్నా గట్టిగా. "ఆటకు దానితో పనిలేదు."

ధనంజయ వాచీ చూసుకున్నాడు. పదకొండుకు ఆరు నిమిషాలు. చిప్ పీకి విరగ్గొడితే మార్టిన్ చూసిన క్షణమే తుపాకీ తీస్తాడు, చుట్టూ పిల్లలు. తను బయటపడినా పడకపోయినా, ఆ చిప్ మాత్రం ఖాళీగా బయటికి వెళ్ళాలి. ఎర్ర స్టిక్కరు ఒలిచాడు. కింద గోరంత గాజు కిటికీ. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను మూత తిప్పితే సన్నని ఊదారంగు వెలుగు వచ్చింది. అల్ట్రావయొలెట్ లాంప్. ఇరవై నిమిషాలు ఆ గాజు మీద పడితే చిప్‌లో రాసిందంతా చెరిగిపోతుంది. అంతకు ముందే ఆపితే కొంత మిగులుతుంది.

కళ్ళు మూసుకుని లాంప్ పట్టుకున్నాడు. చెమట మోచేతుల మీదుగా కారుతోంది. కాలు మొద్దుబారింది. కుందేలు చచ్చిపోతోంది, మళ్ళీ పుడుతోంది, మళ్ళీ అదే పాట. అమృతవల్లి చెప్పింది సరైన చిప్పేనా? తనను ఇందులో పెట్టి గొళ్ళెం వేసినదీ ఆమే.

పదకొండూ పదికే కారు హారన్ మోగింది. ఇంకా నాలుగు నిమిషాలు కావాలి.

కరెంటు తీసేయమన్నాడు మార్టిన్. ఒక పాప చివరి స్టేజిలో ఉందని అమృతవల్లి అడ్డం చెప్పింది. ఇప్పుడు ఆపితే పిల్లలంతా గోల చేస్తారు, రోడ్డు మీది కానిస్టేబుల్ లోపలికి వస్తాడు. మార్టిన్ పళ్ళు కొరుక్కుంటూ ఆగాడు. తిరుపతిలో ఆ నిమిషాన దేశరక్షణ భారమంతా ముక్కుపచ్చలారని ఆ పాప చేతిలో ఉంది. పెట్టెలో ముడుచుకున్న ధనంజయ ఆమె కుందేలు బతకాలని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు.

పిల్లలు కేరింతలు కొట్టారు. కుందేలు చంద్రుడి మీద దిగింది. పదకొండూ పద్నాలుగు.

మెషీన్ ఆగింది. ధనంజయ లాంప్ ఆర్పి, స్టిక్కరు అంటించి, చిప్ పీకాడు. తన లావుకు ఆ సందులో పట్టనని తెలిసి మార్టిన్ బయటే నిలబడ్డాడు. తలుపు జానెడు తెరుచుకుంది. లోపలికి వచ్చింది గాజుల చెయ్యి ఒక్కటే, అరచెయ్యి పైకి. అతను చిప్ అందులో పెట్టాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. తలుపు మూసుకుంది. మళ్ళీ గొళ్ళెం.

కారు వెళ్ళిపోయింది. పిల్లలను పంపేసిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. చీకట్లో గాలి తక్కువైంది. కాలు చాపి తలుపు తన్నడానికి చోటు లేదు. ఆమె మార్టిన్‌తో పాటే కారెక్కిందని అతను ఖాయం చేసుకున్నాక గొళ్ళెం ఊడింది. ఎదురుగా అమృతవల్లి, ఆమె వెనక కృష్ణస్వామి. కోడ్ అడిగినప్పుడు మార్టిన్ మనిషి సరిగ్గా ధనంజయ వీపు వెనకే ఉన్నాడట, అందుకే ఆమె నీలం మాట అనలేదు. మార్టిన్ రావడం చూసి గొళ్ళెం వేసిందట.

డ్రాఫ్ట్స్‌మన్‌ను తోసిన ఇద్దరినీ ఆ మధ్యాహ్నమే రేణిగుంట గేటు దగ్గర పట్టుకున్నారు. మార్టిన్‌ను మాత్రం కృష్ణస్వామి కావాలనే విమానం ఎక్కనిచ్చాడు. విదేశంలో ముఠా పెద్దల ముందు చిప్ తెరిస్తే ఒక్క అంకె లేదు. సరుకు ఇంకెవరికో అమ్ముకున్నాడని వాళ్ళు తేల్చారు. తర్వాత మార్టిన్‌ను చూసినవాళ్ళు లేరు.

పది రోజుల తర్వాత చిత్తూరు బస్సులో అమృతవల్లి ధనంజయను అడిగింది. "కారు పోయినాక కూడా బయటికి రాకుండా కూర్చున్నారే. నా మీద అంత నమ్మకమా?"

"నమ్మకం యాడిదమ్మా," అన్నాడు ధనంజయ. "ఆ తలుపుకు లోపలి పక్క గొళ్ళెం లేదు."