పవిత్ర సిస్టమ్‌కి కొత్త విండోస్

లోహిత్‌కు ఆ రోజు ప్రేమలో పడే ఉద్దేశం ఏమీ లేదు. ఒక స్కూలు వాళ్ళ ప్రింటర్ బాగుచేసి మధ్యాహ్నానికి పంపాలి, ఆ పని మీదే ఉన్నాడు. హోసూరు బస్టాండు వెనక సందులో అతని కంప్యూటర్ అంగడి. బయట చినుకులు మొదలయ్యాయి.

అప్పుడే ఒకమ్మాయి దుప్పటిలో చుట్టిన మూట ఎత్తుకొచ్చి కౌంటర్ మీద దించింది. విప్పితే సీపీయూ. ఒక పక్క రేకు లేదు. లోపలి వైర్లు మాత్రం జడ అల్లినంత పొందికగా కట్టి ఉన్నాయి.

"ఏమప్పా, దీనికి కొత్త విండోస్ వెయ్యల్ల. వేస్తారా?"

హోసూరులో లోహిత్‌ను అందరూ అన్నా అంటారు. తండ్రి వయసు వాళ్ళు కూడా అన్నా అనే అంటారు. ఈమె అప్పా అంది. ఎందుకో అతనికి అది నచ్చింది. నచ్చిందని ఒప్పుకోకుండా టార్చ్ వేసి బోర్డు చూశాడు.

"కాదు మ్యాడమ్. ప్రాసెసర్ పాతది. కొత్త విండోస్ ఒక సెక్యూరిటీ చిప్పు అడుగుతుంది, అది ఈ బోర్డులో లేనే లేదు. సపోర్ట్ చెయ్యదు. కొత్త సిస్టమ్ తీసుకోండి, మంచివి ఉండాయి."

"నేను కొత్త సిస్టమ్ అడగలేదే. సపోర్ట్ చెయ్యదని నాకూ తెలుసు. చెయ్యకున్నా వేసే దారి ఉండాదనీ తెలుసు. మీకు చేతనవుతుందా లేదా, అది చెప్పండి."

"అంత తెలిస్తే మీరే వేసుకోవచ్చు కదా?"

"వేసినాను. సగంలో ఆగిపోయింది. మా ఊర్లో నెట్ అట్లాంటిది, ఫైలు దిగేలోపలే చెడిపోతా ఉండాది. లేకుంటే మీ మొహం చూసేదానికా రాయకోట నించి దీన్ని ఒళ్ళో పెట్టుకోని బస్సులో వచ్చినాను?"

లోహిత్ ప్రింటర్ పక్కకు జరిపాడు.

"ఈ సిస్టమ్ ఎవరు అసెంబుల్ చేసింది?"

"నేనే."

"మీరా?"

"ఏం, ఆడోళ్ళు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే షాక్ కొడుతుందా?"

లోహిత్ నోరు మూసుకున్నాడు. అది అతను ఆ రోజు చేసిన తెలివైన పని.

ఆమె పేరు పవిత్ర. రాయకోట దగ్గర పల్లె. బెంగళూరులో ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసుకు ఇంటి నుంచే మిషన్ పార్టుల డ్రాయింగులు గీసి పంపుతుంది. పొద్దున, సాయంత్రం తోటపని. తండ్రి సుబ్బరాయప్పను ఒప్పించి అర ఎకరంలో పచ్చ వల కట్టించి క్యాప్సికం పెట్టింది. చేతిలో ఉన్నదంతా ఆ వల మీదే పెట్టేసింది కాబట్టి కొత్త కంప్యూటర్ మాట ఎత్తడానికి లేదు.

చిక్కంతా ఆఫీసు వాళ్ళు పంపిన మెసేజ్‌తో వచ్చింది. పాత విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. దసరా అయ్యాక వచ్చే సోమవారం అందరి సిస్టమ్‌లూ ఆన్‌లైన్‌లోనే చెక్ చేస్తారు. కొత్త విండోస్ లేనివాళ్ళు బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. సుబ్బరాయప్ప కూడా తన మాట చెప్పేశాడు: పిల్ల బెంగళూరు పోతే ఆ తోట తాను చూడలేడు, పీకేసి టమోటా పెడతాడు.

"కాయ ఇప్పుడే దిగతా ఉండాది. ఇప్పుడు పీకితే నాకు ప్రాణం పోయినట్లే" అంది పవిత్ర. గొంతులో అంతవరకూ ఉన్న పొగరు ఆ ఒక్క మాటలో లేదు.

లోహిత్ పెన్‌డ్రైవ్ తీశాడు. చిప్పు ఉందా, ప్రాసెసర్ ఏది అని అడగకుండా ముందుకు పోయేలా అందులో విండోస్‌ను తయారుచేశాడు. స్టూలు ఇచ్చినా పవిత్ర కూర్చోలేదు. అతని భుజం వెనక నిలబడి ప్రతి క్లిక్కూ చూసింది.

"నా మీద నమ్మకం లేదా?"

"ఉండాది. అయినా చూస్తాను."

"ఇది దొడ్డిదారి. కంపెనీవాళ్ళు దీనికి గ్యారంటీ ఇవ్వరు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడంతా మళ్ళా చేత్తోనే వెయ్యల్ల. ముందే చెప్తా ఉండాను."

"మంచిది. ముందే చెప్పే మెకానిక్‌ను మొదటిసారి చూస్తా ఉండాను."

అది పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక లోహిత్ స్క్రీను వంకే చూశాడు. సిస్టమ్ తనంతట తాను ఆగి, మళ్ళీ లేచి, చివరికి కొత్త విండోస్ తెర చూపించింది. పవిత్ర నవ్వింది. లోహిత్ ఆ నవ్వు చూశాడు. స్కూలు ప్రింటర్ ఆ రోజు పోలేదు.

ఆయుధపూజ నాడు అతను అంగడి కడిగి, మానిటర్ల అంచున జాగ్రత్తగా కుంకుమబొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, హారతి ఇచ్చాడు. తర్వాత ఫోన్ తీసి పవిత్ర వాట్సాప్ ఫొటో చూశాడు. అందులో ఆమె లేదు, ఒక క్యాప్సికం కాయ ఉంది. దాన్నే చాలాసేపు చూశాడు.

శుక్రవారం ఫోన్ వచ్చింది.

"మీ దొడ్డిదారి మూతపడిందప్పా!"

"ఏమైంది?"

"నిన్న పూజకి ఆఫ్ చేసి, ఈ పొద్దు ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరస్తా ఉండాది. స్క్రీన్ రాలేదు. మా నాయన అప్పుడే నా బట్టలు సర్దుకోమంటా ఉండాడు. సోమవారం చెక్కింగ్. మీరు వస్తారా, నేను ఏడ్చల్లనా?"

"ఏడవద్దండి. వస్తా ఉండాను."

ప్రింటర్ కోసం స్కూలు వాళ్ళు వస్తే ఏం చెప్పాలో ఆలోచించకుండానే అంగడికి తాళం వేశాడు. రోడ్డు పొడుగునా పగిలిన గుమ్మడికాయలు వానకు తడిసి జారుతున్నాయి. బైక్ మీద రాయకోట చేరేసరికి అతను పూర్తిగా తడిశాడు.

ఇంటి ముందు సుబ్బరాయప్ప నిలబడి ఉన్నాడు. తల నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"నీవేనా ఆ విండోస్ వేసింది?"

"నేనేనండి."

"ఊఁ" అని ఆయన గొడుగు తీసుకుని తోట వైపు పోయాడు. వానకు వల చిరిగిందేమో చూసుకోవాలి. పవిత్ర టవల్ ఒకటి విసిరి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

హాలు మూలలో సీపీయూ. లోహిత్ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి టార్చ్ వేశాడు. ర్యామ్ దూరే గాడి నిండా ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. పక్కన పసుపు. ఫ్యాన్ రెక్కల మధ్య ఒక చామంతి రేకు.

"ఏమప్పా, ఏమయింది దానికి?"

పవిత్ర అవ్వ ఆదిలక్ష్మమ్మ గడప దగ్గరే నిలబడి చూస్తోంది. అతను జవాబు చెప్పేలోపు తనే చెప్పుకుంది.

"నేనే పూజ చేసినాను దానికి. అందరూ పైన రేకుకి బొట్టు పెడతారు. రేకు ఏం పని చేస్తుందప్పా? పని చేసేదంతా లోపల కదా ఉండేది. ట్రాక్టరుకైనా బానెట్ ఎత్తి ఇంజనుకే పెడతాం మేము. ఆ పక్క తెరిచే ఉండె. బాగా నీళ్ళలో తడిపి దట్టంగా పెట్టినాను, నా మనవరాలి ఉద్యోగం నిలవల్లని మొక్కుకోని."

లోహిత్ చేతిలో టార్చ్ ఇంకా ఆ ఎరుపు మీదే ఉంది. అవ్వ దాన్ని చూసింది. ఆమె మొహం మెల్లగా పాలిపోయింది.

"దాని వల్లనా?"

"కాదవ్వా" అన్నాడు లోహిత్. ముందు నోరు అంది, తర్వాత అతను ఆలోచించాడు. "నా తప్పే. నేను సరిగా బిగించలేదు."

కరెంటు వైరు పీకి, ర్యామ్ బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్దాడు. గాడిని బ్రష్‌తో, స్పిరిట్ దూదితో తుడిచాడు. దూది ఎర్రబడితే జేబులో కుక్కాడు. చామంతి రేకు కూడా జేబులోకే పోయింది. బోర్డు ఆరేదాకా ఊరికే కూర్చుని, ఏ దేవుడికీ పేరు పెట్టి కాకుండా అందరికీ కలిపి మొక్కుకున్నాడు.

ఆన్ చేస్తే ఒకే ఒక బీప్. తెర వెలిగింది.

సుబ్బరాయప్ప లోపలికి వచ్చాడు, వెనకే పవిత్ర కాఫీతో. "ఏమి అయింది దానికి?" అని అడిగాడు ఆయన.

"ఆ పొద్దు నేను ర్యామ్ సరిగా కూర్చోబెట్టలేదు. నా తప్పే."

"తప్పే అని ఎంత సులభంగా చెప్తా ఉండావు! నీ అజాగ్రత్తకి నా బిడ్డ పొద్దున్నించి అన్నం తినలేదు. చేతకానోడివి అంగడి ఎందుకు పెట్టినావు? మీ ఊరేది, మీ నాయనేం చేస్తాడు?"

"క్రిష్ణగిరి. మామిడి మండీ."

"ఊరికే ఆ మండీలోనే కూర్చోవల్ల. కాయలు కుళ్ళినా ఎవురికీ ఉద్యోగం పోదు."

లోహిత్ తల వంచుకుని కాఫీ తాగాడు. కాఫీ చాలా బాగుంది. పవిత్ర అతన్నే చూస్తూ నిలబడింది.

బైక్ దగ్గరికి వచ్చాక మాట్లాడింది. వాన వెలిసింది కానీ చూరు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఆ పొద్దు మీరు ర్యామ్ ముట్టనే లేదు. నేను మీ వెనకే నిలబడి ఉండినాను."

లోహిత్ హెల్మెట్ సర్దుకున్నాడు.

"జేబులో ఏముండాది?"

"ఏమీ లేదు."

"చొక్కా ఎర్రగా అయిపోయింది చూసుకోండి."

చూసుకున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"అవ్వ మొహం చూడలేకపోయినానండి. ఆమె మీ కోసమని మొక్కుకోని పెట్టింది. దాని వల్లనే చెడిపోయిందని ఎట్లా చెప్పేది?"

"అందుకని మా నాయన చేత తిట్టించుకుంటారా?"

"మా నాయన దినామూ తిడతాడు. అలవాటే."

పవిత్రకు నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలీదు. లోహిత్‌కు మాత్రం ఆ క్షణంలో అంతా తెలిసిపోయింది: ఈ అమ్మాయి లేకుండా ఇక తనకు కుదరదు. చెప్పాలని నోరు తెరిచాడు.

"సోమవారం ఏమయిందో ఫోన్ చెయ్యండి" అని చెప్పి బైక్ స్టార్ట్ చేశాడు. దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు. ఆ పనిలో సుబ్బరాయప్పను మించిపోయాడు.

సోమవారం ఫోన్ రాలేదు. పదకొండు దాటినా రాలేదు. తనే చేద్దామని తీసి, మళ్ళీ పెట్టేశాడు. చెక్కింగ్‌లో పోయిందేమో, బట్టలు సర్దుకుంటోందేమో అనుకుంటూ భోజనం కూడా చెయ్యలేదు.

మూడు గంటలకు అంగడి ముందు ఆటో ఆగింది. సుబ్బరాయప్ప దిగాడు, ఆయన వెనక ఆదిలక్ష్మమ్మ, ఆమె వెనక పవిత్ర.

"పాసయింది" అంది పవిత్ర, ముందుగానే. "నేను యాడికీ పోయే పని లేదు."

లోహిత్ స్టూలు మీద కూలబడ్డాడు. సంతోషం అంత బరువుగా ఉంటుందని అతనికి తెలీదు.

సుబ్బరాయప్ప గొంతు సవరించుకున్నాడు. "పాసయిందని తెలిసినాక మా అమ్మ అంతా చెప్పేసింది. కుంకుమ సంగతి. నిన్ను ఊరికే తిట్టినానప్పా. మనసులో పెట్టుకోవద్దు. అయినా ఒకటి అడుగుతాను. చెయ్యని తప్పు నెత్తిన ఎందుకు వేసుకున్నావు?"

"అవ్వ బాధపడుతుందని."

"అంతేనా?"

అంతే అని ఉంటే సరిపోయేది. కానీ లోహిత్ పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అబద్ధం చెప్పే ఓపిక అతనిలో మిగల్లేదు.

"అంతే కాదు. పవిత్ర బెంగళూరు పోకూడదని. నాకు పవిత్ర అంటే శానా ఇష్టమండి."

పవిత్ర నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాకు చెప్పకుండా మా నాయనకి చెప్తారా?"

"మీకు చెప్పేదానికి భయం."

"మా నాయనంటే లేదా?"

"ఉండాది. కానీ మీరంటే ఎక్కువ."

ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సుబ్బరాయప్ప నవ్వలేదు, కూతురి వైపు తిరిగాడు. "నీవేమంటావు?"

పవిత్ర లోహిత్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరంటే నాకూ ఇష్టమే. అబద్ధమెందుకు? కానీ నేను ఊరు విడిచి రాను. బెంగళూరుకి పోనన్నదాన్ని, హోసూరుకీ రాను, క్రిష్ణగిరికీ రాను. నా తోట ఆడ ఉండాది. పెండ్లయితే పిల్ల మొగుడి వెనకే పోవల్ల అని మీ వాళ్ళంటే, ఇప్పుడే చెప్పేయండి."

"ఎవురూ పోనక్కర్లేదు. నేనే వస్తాను. పొద్దున్నే ఈడికి వచ్చి అంగడి తెరుస్తా, సాయంత్రం మూసి ఆడికి వస్తా."

"ఇల్లరికమా?" అన్నాడు సుబ్బరాయప్ప. "మీ నాయన మండీలో తలెత్తుకోని తిరగల్లా వద్దా?"

"మీరు వచ్చి అడగండి. తిట్టేదైతే నన్నే తిడతాడు."

సుబ్బరాయప్ప కూతురిని చూశాడు, తల్లిని చూశాడు, తడబడుతున్నా చూపు తిప్పుకోకుండా ఉన్న ఆ కుర్రవాడిని చూశాడు. తోట పీకేస్తానని ఆయన అన్న మాట ఆయనకే గుర్తొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

"ఆదివారం క్రిష్ణగిరికి పోయి అడిగొస్తానమ్మా" అన్నాడు కూతురితో. "తోట నీదే. టమోటా నాకు వేరే తావులో ఉండాది."

పవిత్ర ఏడ్చేసింది. ఏడుస్తూనే లోహిత్ వైపు చూసి, "రేపు తొలి కోత" అంది. "ఆరుకల్లా రండి. అంగడి తెరిచేలోపల రెండు సాళ్ళన్నా కోయచ్చు."

"వస్తాను" అన్నాడు లోహిత్.