ఐదు బారల మోకు

అద్దంకి దిగువన గుండ్లకమ్మ ఏరు మలుపు తిరిగేచోట జమ్మిమడుగు ఉంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ లంగరెయ్యరు. వేస్తే పడవ అడుగున ఎవరో తడతారని చెప్పుకుంటారు. ఆగి ఆగి... టక్... టక్ మని.

ఆ తట్టేది బుడానే అంటారు. నాలుగేళ్ల కిందట, ఏరు పొంగి లేచిన రాత్రి, వలకి కాపలాగా అక్కడే లంగరేసి పడవలో పడుకుని, కొట్టుకుపోయినవాడు. పడవ మైలు దిగువన, వంతెన స్తంభం దగ్గర ముక్కు విరిగి దొరికింది. మనిషి మూడోనాడు దొరికాడు.

ఊరంతా ఏడ్చినా మార్కండేయులు ఏడవలేదు. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే పడవ మీద వేటకి పోయినవాళ్లే. ఆఖరి ఏడాది మాటా మాటా అనుకుని విడిపోయారు. మట్టి చేసిన రోజునే, బుడాన్ పెళ్లాం షాజాదీ వినేటట్టు అనేశాడు — "ఇనప లంగరు కొనకుండా గ్రానైట్ ముక్క కడితే ఇంతే. నున్నటి రాయి ఇసకలో ఆగుద్దా?"

ఆ రాయి తెచ్చింది షాజాదీ. మార్టూరులో గ్రానైట్ పాలిష్ పనికి పోతూ, అక్కడ పారేసిన ముక్కని ఒళ్లో పెట్టుకుని బస్సులో మోసుకొచ్చింది. ఆ మాట విన్నాక మళ్లీ పనికి పోలేదు. రాయి ముట్టుకోలేనంది.

మొన్న కార్తీకంలో ఉదయ్ కుమార్ అనే తోటి వేటగాడు ఎగతాళి చేశాడు, జమ్మిమడుగంటే పెద్దాయనకీ వణుకేనని. మార్కండేయులికి ఒళ్లు మండింది. బతికుండగా మాట వినలేదు, చచ్చాక మడుగు కూడా వదలడా అనుకుంటూ, చీకటి పడగానే ఒక్కడే పోయాడు. ఎగువకి తోసుకెళ్లి లంగరు దించాడు. నీటి వాలుకి మోకు వదిలి, పట్టిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. పట్టింది. బీడీ వెలిగించాడు.

టక్...

సరిగ్గా కాళ్ల కింద.

టక్... టక్...

"బుడానూ..." అంచు మీంచి నీళ్లలోకి వంగాడు. "నువ్వేనా?"

పారిపోదామని లంగరు లాగాడు. బరువుగా వచ్చింది — కొక్కేనికి ఇంకో మోకు తగులుకుని ఉంది. టార్చి వేశాడు. పాచి పట్టిన మోకు. దాని కొసన ఇనప రింగుతో సహా ఊడిన పడవ ముక్కు చెక్క. ఇన్నాళ్లూ పడవల్ని తట్టింది అదే.

దెయ్యమూ లేదు, ఏమీ లేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే, నీళ్లలోకి దిగి ఉన్న మోకు రెండో కొసని లాగాడు.

రాలేదు. అంచుకి కాలు తన్నిపెట్టి లాగాడు. పడవ ఒరిగింది గానీ, అడుగున రాయి కదల్లేదు.

షాజాదీ తెచ్చిన రాయి. నాలుగేళ్లుగా కదల్లేదు...

పైకొచ్చినంత మేర చేతులు చాచి, నీళ్లలో ఉన్నంత మేర గెడతో లోతు చూసి మోకు కొలిచాడు. ఒకటి... రెండు... ఐదు బారలు. పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. విడిపోయిన రోజు, కొయ్యొద్దు బావా, పనికిరాకుండా పోద్దని బుడాన్ బతిమాలితే, చెరి సగమంటే సగమేనని పది బారల మోకుని కొలిచి నరికింది తనే.

ఏరు లేచింది. రాయి వదల్లేదు. పడవ పైకి తేలడానికి మోకు చాలక, ముక్కు మునిగి విరిగింది.

తెల్లారకముందే షాజాదీ తలుపు తట్టాడు.

"నీ రాయి జారలేదు చెల్లెమ్మా," అన్నాడు. "మోకు చాల్లేదు."

ఆవిడ ద్వారబంధం పట్టుకుంది. మెల్లగా అడిగింది — "మిగతా సగం ఏదీ, అన్నా?"

మార్కండేయులు తలెత్తలేదు.

"మా వసారాలో వేలాడుతోందమ్మా. నేను కొత్తది కొనుక్కున్నా... దాన్ని ఒక్కరోజూ నీళ్లలో ముంచలేదు."