దీవి మునిగేలోపు ఒక కార్డు

మానవపాడులో అబ్రహాం చనిపోయాడు. హెడ్‌ఫోన్స్ చెవులకే ఉన్నాయి, వేలు మోర్స్ కీ మీదే ఉంది, వీపులో తూటా. హ్యామ్ రేడియో వాళ్లు చనిపోయిన ఆపరేటర్‌ను 'సైలెంట్ కీ' అంటారు. పదకొండేళ్లు అతని పక్క కుర్చీలో కూర్చున్న ఏజెంట్ దశరథానికి ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు.

వనపర్తిలో, సెల్‌ఫోన్ రిపేర్ షాపు వెనక గదిలో, చీఫ్ రామచంద్రయ్య బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు. విదేశీ ముఠా డ్యామ్ గేట్ల కంట్రోల్‌లోకి రిసీవర్ దూర్చింది. రేపు సాయంత్రం నాలుగింటికి ఒక్క రేడియో సిగ్నల్‌తో గేట్లన్నీ లేస్తాయి. దిగువన గుర్రంగడ్డ దీవిలో ముప్పై మంది ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. వాళ్లను కదిలిస్తే సిగ్నల్ ముందే వస్తుంది. రిసీవర్‌ను ముట్టుకున్నా అంతే.

"ఆ సిగ్నలిచ్చే ఆపరేటర్ ఏడున్నడో తెల్వదు. రెండు సెకన్లు మోగి ఆగిపోతడు. పట్టాలంటే రెండు నిమిషాలన్న మోగాలె. చుట్టు ఊర్లల్ల మనోళ్లు బండ్లతోని తయారుంటరు."

గోడకానుకున్న రోజా నల్ల కళ్లద్దాలు తీసింది. పైకి విత్తనాల కంపెనీ మేనేజర్. ముఠా చాట్ గ్రూపులో వాళ్ల మనిషి, ఈ గదిలో వీళ్ల మనిషి. నిజంగా ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"గ్రూపుల అందరు బీఆర్‌బీ, ఇప్పుడే వస్త అని పోయి గంటకొస్తరు. మీరనే ఆపరేటర్, గీ ముసలాయన గట్ల గాదు, నిమిషం తప్పడు. గని కార్డుల పిచ్చి."

హ్యామ్‌లకు అదొక ఆచారం. కొత్త చోటుతో మాట్లాడితే పోస్టుకార్డులు ఇచ్చిపుచ్చుకోవాలి. ముసలాయన గోడ మీద దీవుల కార్డులే నాలుగు వందలట.

దశరథం తలెత్తాడు. "గుర్రంగడ్డ నుంచి ఇంతవరకు ఎవ్వరు మోగలే. రేపటి తర్వాత మోగనీకి ఎవ్వరు మిగలరు. మునిగేలోపు ఆ కార్డు గావాలె ఆయనకు."

మర్నాడు పుట్టిలో నది దాటాడు. టిఫిన్ డబ్బాలో ట్రాన్స్‌సీవర్, గాలం కర్రకు యాంటెన్నా తీగ. నాట్ల దగ్గర్నుంచి వచ్చిన జమ్ములమ్మ నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"ఏంది సారూ, ముల్లు లేదు, ఎర లేదు. గిట్ల చేపలు వడ్తయా?"

"దీవే ఎర, అక్కా."

ఆమె జొన్నరొట్టె మీద పల్లీ చట్నీ వేసి చేతిలో పెట్టింది. మట్టి తిన్నట్టుంది.

మూడూ యాభైకి కీ కొట్టాడు. సీక్యూ, సీక్యూ. గుర్రంగడ్డ దీవి నుంచి పిలుస్తున్నా, ఎవరైనా ఉన్నారా? మళ్లీ కొట్టాడు. మూడూ యాభై ఏడుకు ఒక కీ పలికింది. ప్రతి మూడో చుక్క దగ్గర కుంటే చెయ్యి. అబ్రహాం చివరి రికార్డింగులో ఉన్నది ఈ చెయ్యే.

దశరథం నింపాదిగా పేరు అడిగాడు. వాన సంగతి అడిగాడు. యాంటెన్నా ఎత్తు అడిగాడు. యాంటెన్నా గురించి అడిగితే ఆగగలిగే హ్యామ్ ఇంకా పుట్టలేదు. రెండు నిమిషాలు గడిచాయి. చెవిలో చీఫ్ గొంతు: "అమరచింత. రెండంతస్తుల మిద్దె. మెట్లెక్కుతున్నం, జర ఆపు."

ముసలాయన 'సెవెంటీ త్రీ' కొట్టాడు. అంటే సెలవు. ఇక మిగిలింది గేట్ల సిగ్నలే.

దశరథం కొట్టాడు: 'కార్డు ఏ అడ్రసుకు పంపాలి?'

గట్టున ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. కీ మళ్లీ పలికింది. ఒక అక్షరం, రెండు, మూడు. నాలుగో అక్షరం మధ్యలో తెగిపోయింది.

నాలుగైంది. నది ఉన్నచోటే ఉంది. చెవిలో చీఫ్ అన్నాడు: "దొరికిండు, బేడీలేసినం."

ఫోన్‌లో రోజా మెసేజ్: 'జీజీ', అంటే గుడ్ గేమ్, ఆట ముగిసింది. దాని కింద 'ఎయిటీ ఎయిట్'. హ్యామ్‌లు ముద్దులకు వాడే అంకె.

దశరథం మిగిలిన రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. "అక్కా, చట్నీల ఉప్పెక్కువైంది."

"సగం తిన్నంక తెల్సిందా సారూ?"

ఆ రాత్రి, ముసలాయన బల్ల మీద దొరికిన కార్డును రోజా తెచ్చిచ్చింది. గుర్రంగడ్డ పేరు, తేదీ, సంతకం ముందే సిద్ధం. ఆచారం ఆచారమే కనుక దశరథం జవాబు కార్డు రాశాడు. ఈసారి అడ్రసు అడగాల్సిన పని పడలేదు.