ఫ్యూజు తీసేసిన మీటరు

ఆ మెట్ల కింద చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. రెండంతస్తుల ఇల్లు. పైన యజమాని ఉంటాడు, కింద ఏళ్ల తరబడి తాళం వేసిన గది. మెట్ల కింద గోడకి ఆ గది మీటరు. లోపల మనిషి లేడు, దీపం లేదు, ఆఖరికి ఫ్యూజు కూడా లేదు. అయినా రాత్రిళ్లు మీటరులో చక్రం తిరుగుతుందని వీధిలో చెప్పుకుంటారు. అక్కడ అద్దెకున్నవాడొకడు చచ్చిపోయాడనీ, ఇంకా వాడే కరెంటు కాలుస్తున్నాడనీ...

ఈ సంగతి నాకు చెప్పింది ఒక లిఫ్టు మెకానిక్కు. ఒకప్పుడు ఆ గదిలో ఉన్న ఇద్దరిలో అతనొకడు. రెండోవాడు బేకరీలో రాత్రిపూట పొయ్యి దగ్గర పనిచేసేవాడు. చుట్టరికం లేకపోయినా 'బావా' అని పిలుచుకునేవారు. బేకరీవాడు రాత్రంతా మంట ముందు నిలబడి వచ్చి, పగలు తన టేబుల్ ఫ్యాను పెట్టుకుని పడుకునేవాడు.

కరెంటు బిల్లు చెరిసగం అనుకున్నారు. బిల్లేమో పెరుగుతూ పోయింది.

"పగలంతా ఆ ఫ్యాను తిప్పితే బిల్లు రాక ఏమొస్తుంది బావా?"

"అది ఫ్యానా, పిండిమరా? అంత కరెంటు తినడానికి!"

ఆ నవ్వులు ఎక్కువకాలం సాగలేదు. మెకానిక్కు పనికి పోతూ ఫ్యూజు పీకి జేబులో వేసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆ నెలా బిల్లు తగ్గలేదు.

"వేరే ఫ్యూజు కొనుక్కున్నావన్నమాట."

"అమ్మతోడు, లేదు బావా. చెమటలోనే పడుకుంటున్నాను."

మెకానిక్కు నమ్మలేదు. బాకీ కింద ఫ్యాను ఉంచేసుకుని, వెళ్లిపొమ్మన్నాడు. బేకరీవాడు రేకుల గదికి మారాడు. ఆ వేసవిలోనే వడదెబ్బ తగిలి పోయాడు.

మెకానిక్కు చూడ్డానికి కూడా వెళ్లలేదు. "బాకీ వసూలుకి వచ్చాననుకుంటారని..." అన్నాడు నాతో.

తనూ ఆ గది ఖాళీ చేసిన చాలా ఏళ్లకి, ఆ వీధి చివర మేడలో లిఫ్టు ఆగిపోతే వెళ్లాడు. బాగుచేసి బయల్దేరేసరికి రాత్రయింది. కాపలాదారు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ మెట్ల ఇంటి ముందునుంచి పోకండి సార్. చచ్చినవాడు ఇంకా కరెంటు వాడుతున్నాడు."

చచ్చినవాడెవరో కాపలాదారుకి తెలియదు. ఇతనికి తెలుసు.

వెళ్లాడు. గేటు తీసే ఉంది. మెట్ల కింద తల వంచి టార్చి వేశాడు...

చక్రం తిరుగుతోంది.

ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ. గది తలుపుకి తుప్పుపట్టిన తాళం. చక్రం మాత్రం తాపీగా తిరుగుతోంది. గోడలోంచి ఎక్కడో సన్నటి మూలుగు —

"బావా..." మీటరుకి దగ్గరగా వంగాడు. "వాడుకో బావా. ఎంతైనా వాడుకో... నేను కడతాను."

మూలుగు ఆగింది. చక్రమూ ఆగింది.

"ఎవరది?"

టార్చి చేతిలోంచి జారిపోయింది. పైమెట్టు మీద ఇంటి యజమాని. చెయ్యి ఇంకా గోడ స్విచ్చు మీదే ఉంది.

"ట్యాంకు నిండితే మోటారు కట్టేద్దామని వచ్చాను. నువ్వు... కింద గదిలో ఉండేవాడివి కదూ?"

"మోటారు... ఈ మీటరు మీదా?"

"మొదటినుంచీ అంతేగా! వైరింగువాడు మీటరు దాటాక, ఫ్యూజుకి ముందే మోటారు తీగ కలిపేశాడు. ఫ్యూజు పీకినా అది తిరుగుతుంది. నేనూ పట్టించుకోలేదు. అయినా మీరెప్పుడూ అడగలేదుగా?"

అడగలేదు. ఎన్నో మేడల్లో తీగలు విప్పి చూసినవాడు ఆ మీటరు పెట్టె ఒక్కసారీ విప్పలేదు.

"మనిషిని అనుమానించడం తేలికనిపించింది సార్," అన్నాడు నాతో.

ఇదంతా అతను ఇప్పుడుంటున్న తనింట్లో కూర్చుని చెప్పాడు. మధ్యాహ్నం. వడగాలికి తలుపులూ కిటికీలూ మూసేశారు. కరెంటు ఉంది. అయినా అతను పాత పేపరుతో విసురుకుంటూ, నాకూ ఒకటిచ్చాడు. మూల స్టూలు మీద పాత దుప్పటి కప్పిన వస్తువు. దాని కింద నుంచి వేలాడుతున్న ప్లగ్గు.

"ఆ ఫ్యానేనా?"

తలూపాడు. అటు చూడలేదు. "ఆ రాత్రి నుంచి ప్లగ్గు పెట్టలేదు."

"పోనీలెండి, దెయ్యం లేదని తేలిందిగా," అని పేపరు పక్కన పెట్టాను. అతని చెయ్యీ ఆగింది.

గదిలో గాలి లేదు. దుప్పటి మెల్లగా ఉబ్బింది... తగ్గింది... మళ్లీ ఉబ్బింది.

అతను గబగబా పేపరు అందుకున్నాడు.

"విసురుకుంటూ ఉండండి సార్. మన గాలికే కదులుతోందనుకోవచ్చు."