నాలుగోసారీ అదే రోగం

కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్ళిన మొదటి రోజే ఆమె నన్ను దొంగను చూసినట్టు చూసింది.

"ఏ స్క్రూ ఎక్కడ తీస్తున్నారో ఫోటో తీసుకుంటాను. అభ్యంతరం లేదుగా?" అంది, ఫోన్ నా చేతుల మీదికి వంచి.

"నన్ను కూడా తీసుకోండి. పోలీసులకు పనికొస్తుంది," అన్నాను.

ఆమె నవ్వలేదు. నిజంగానే తీసుకుంది.

ఆమెది ఎంబ్రాయిడరీ పని. ముందుగదిలో కుట్టుమిషన్, గోడ నిండా రంగురంగుల దారం కండెలు, కిటికీ పక్కన కంప్యూటర్. ఆమె కంప్యూటర్లో బొమ్మ గీస్తే మిషన్ దాన్ని గుడ్డ మీద కుడుతుంది. కంప్యూటర్ లేవకపోతే ఆమె, మిషన్ ఇద్దరూ చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే.

ఆ రోజు నల్లటి తెర మీద ఒకటే మాట: బూట్ డివైస్ దొరకలేదు. లోపల సమాచారం దాచే డ్రైవులు రెండున్నాయి. కంప్యూటర్ని లేపే విండోస్ ఉన్నది కొత్తదాంట్లో. కంప్యూటరేమో డిజైన్లు దాచుకునే పాతదాంట్లో వెతుకుతోంది. సెట్టింగుల్లోకి వెళ్ళి కొత్తదాన్ని ముందుకు జరిపాను. కంప్యూటర్ బుద్ధిగా లేచింది.

"అంతేనా?"

"అంతేనండీ."

"మరి అది దానంతట అదే ఎందుకు మారింది?"

మంచి ప్రశ్నే. మళ్ళీ మారితే చూద్దామని సంచి సర్దుకున్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే రోగం. ఈసారి సెట్టింగుల్లో గడియారం చూస్తే పదేళ్ళు వెనక్కి పోయి ఉంది. అప్పుడర్థమైంది. బోర్డు మీద చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు ఈ సెట్టింగులన్నీ గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది. దానికి తోడు వాళ్ళ నాన్న ఇంట్లోంచి కదిలితే చాలు, మెయిన్ స్విచ్చి కట్టేస్తాడు.

"ముప్ఫై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కినవాణ్ణి. దాన్ని నేను నమ్మను," అన్నాడాయన.

"నువ్వు ఫ్రిజ్‌ని కూడా నమ్మవుగా నాన్నా!" అంటూ ఆమె పకపకా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వే నా కొంప ముంచింది.

కొత్త బ్యాటరీ నా సంచిలోనే ఉంది. వేస్తే ఐదు నిమిషాల పని. వేసేస్తే ఇక నన్ను పిలిచేదెవరు? డ్రైవు మాత్రం మళ్ళీ ముందుకు జరిపి మూత బిగించేశాను.

"ఏదో వదులు కనెక్షన్ అనుకుంటా. మళ్ళీ వస్తే పిలవండి," అన్నాను, అమాయకంగా మొహం పెట్టి.

మూడోసారి వెళ్ళేసరికి ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మీరొచ్చి వెళ్ళాకే పాడవుతోంది. మీరే ఏదో చేసి పోతున్నారా?"

"ఛఛ! నేనా?"

"మరి నా కళ్ళలోకి చూసి చెప్పండి."

చూశాను. చూశాక చెప్పాల్సింది మర్చిపోయాను.

"ఏమయ్యా, నీకు చెవులెందుకలా ఎర్రబడ్డాయి?" అన్నాడు వాళ్ళ నాన్న, పేపర్ కిందికి దించి. "అమ్మాయ్, ఇతన్ని నేను నమ్మను."

ఈసారీ అంతే చేసి లేచేసరికి బయట వాన మొదలైంది. నా దగ్గర గొడుగు లేకపోవడంతో తగ్గేదాకా కూర్చోమంది ఆమె. తగ్గొద్దని నేను, తొందరగా తగ్గాలని ఆయన, ఇద్దరం కిటికీలోకే చూస్తూ కూర్చున్నాం.

నాలుగోసారి ఫోనొచ్చింది శనివారం ఉదయం. వెళ్తే ఆమె ఫోటోలు తీయలేదు. నా వంక కూడా చూడలేదు.

"నిన్న ఒక బడికి రెండువందల బ్యాడ్జీలు కుట్టివ్వాల్సింది. పొద్దున కంప్యూటర్ లేవలేదు. మీకు చేస్తే ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ ఆర్డర్ రద్దు చేశారు. నాకొచ్చిన మొదటి పెద్ద పని అది." ఆమె కంప్యూటర్ వైపు వేలు చూపించింది. "ఆఖరిసారి అడుగుతున్నాను. దీని రోగమేమిటి?"

సిగ్గుతో తల దించుకున్నాను. ఇన్నాళ్ళూ అదొక సరదా అనుకున్నాను. దాని మీద ఈమె బతుకు నడుస్తోందని ఒక్కసారీ ఆలోచించలేదు.

"బ్యాటరీ పోయింది. రెండోసారి వచ్చినప్పుడే నాకు తెలుసు. దాచాను."

ఆమె సొరుగు లాగింది. అందులో కవరు విప్పని బ్యాటరీ ఉంది.

"నిన్న సాయంత్రం కొన్నాను. కంప్యూటర్ షాపతను ఒక్క నిమిషంలో చెప్పాడు. మీ నోటితో చెప్తారో లేదో చూద్దామనే పిలిచాను."

"నేనెందుకు దాచానంటే..."

"నాకు కాదు." ఆమె ఒక నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ నా చేతిలో పెట్టింది. "హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పండి."

"మేడం, బ్యాడ్జీలు ఆలస్యమైంది ఆమె వల్ల కాదు. కంప్యూటర్ బాగుచేసేది నేను. రోగం తెలిసీ దాచాను."

"ఎందుకు దాచావు?" ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ణి నిలదీసినట్టుంది ఆవిడ గొంతు.

"పూర్తిగా బాగైపోతే ఇక పిలవరని మేడం. ఆమెను చూడాలని... ఆమంటే నాకిష్టం మేడం."

పక్కనే ఆమె దారం కండెలు సర్దుతోంది. ఎర్రవి తీసి నీలంవాటిలో పెడుతోంది.

"సోమవారం పొద్దునకల్లా ఇవ్వగలదా ఆ అమ్మాయి?" అని అడిగారు ఆవిడ.

"ఇస్తాను మేడం!" అంది ఆమె, నా కంటే ముందు.

"ఆ అబ్బాయిని మాత్రం కంప్యూటర్ ముట్టుకోనివ్వకు." ఫోన్ పెట్టేశారు.

గుమ్మంలోంచి వాళ్ళ నాన్న దగ్గాడు. "నమ్మనని ముందే చెప్పానా లేదా?"

"చెప్పావు నాన్నా."

"ఇప్పుడు మాత్రం నిజమే చెప్పాడు. వినలేక నాకే సిగ్గేసింది," అంటూ ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

తన ఫోటోలు చూసుకుంటూ బ్యాటరీ ఆమే వేసింది. డ్రైవుల వరుస ఆమే సరిచేసుకుంది. నన్ను స్క్రూడ్రైవర్ కూడా పట్టుకోనివ్వలేదు. మిషన్ మొదటి బ్యాడ్జీ మొదలుపెట్టాక నా సంచి తీసుకుని లేచాను.

"కోపం పోయిందా?"

"పోలేదు. రెండువందలూ కుట్టాక ఆలోచిస్తాను."

మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచింది.

"సోమవారం సాయంత్రం రండి."

"మళ్ళీ పాడవుతుందంటారా?"

"కంప్యూటర్ బాగానే ఉంటుంది," అంది ఆమె. "మీరు ఊరికే రండి."