స్లాతినాలో తీపి గోధుమలు

బెల్‌గ్రేడ్ కూరగాయల మార్కెట్‌లో ఊరబెట్టడానికి క్యాబేజీలు బేరమాడుతున్న బట్టతల మనిషి ఉన్నట్టుండి బుట్టమీదికి ఒరిగిపోయాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు. పక్కనుంచి గొడుగు ఊపుకుంటూ వెళ్లిన మనిషి ముఖం ఎవరూ చూడలేదు. క్యాబేజీలావిడ గొంతులో నీళ్లు పోయబోతే రెండు ముక్కలు మాత్రం అన్నాడు.

"స్లాతినా... దేవదూత స్లావా..."

చనిపోయినవాడు రహస్య విభాగం ఇన్‌ఫార్మర్. గంట తిరక్కముందే ఆ రెండు ముక్కలూ కల్నల్ వితోమిర్ బల్లమీదికి వచ్చాయి. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. ఏజెంట్ ఓబ్రాద్, అతని భార్య ఏజెంట్ స్తానియా, వాళ్లిద్దరి మధ్య కుర్చీలో ఇలోనా.

ఇలోనాకి ఆ మధ్య కుర్చీ ఎలా దొరికిందో స్తానియాకి అర్థం కాలేదు. గదిలోకి వచ్చినప్పుడు అది ఖాళీగా లేదు. అందులో ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఉంది.

"స్లాతినా అంటే ఏ స్లాతినా సార్?" ఓబ్రాద్ అడిగాడు.

"అదే మన కర్మ" అన్నాడు కల్నల్. "మన దేశంలోనే లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు. బోస్నియాలో ఉంది, క్రొయేషియాలో ఉంది, బల్గేరియాలో ఉంది. రుమేనియాలో అయితే ఏకంగా పట్టణమే. ఉప్పునీటి ఊట కనపడ్డ ప్రతిచోటా మన తాతలు అదే పేరు పెట్టేసి పోయారు."

"మా స్లాతినాలో ఊట ఇంకా ఉంది" అంది స్తానియా. ఆమె పుట్టిల్లు చాచాక్ దగ్గర స్లాతినా.

"మీ ఊరై ఉండదులే అమ్మాయ్. మీ ఊళ్లో గూఢచారి పొద్దున దిగితే సాయంత్రానికి వాడి అత్తగారి పేరుతో సహా అందరికీ తెలిసిపోతుంది."

విదేశీ ముఠా ఎత్తు అదే. ఫోన్లో దాపరికం లేకుండా 'స్లాతినాలో కలుద్దాం' అంటారు. వింటున్న పోలీసులు తలొక స్లాతినాకి పరిగెడతారు. పైగా కలిసేది స్లావా రోజున, అంటే ఇంటి వేల్పు పండుగనాడు. ఆ రోజు తలుపు తీసే ఉంటుంది. పిలవకపోయినా ఎవరైనా రావచ్చు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడిగితే ఆ ఇంటికే అప్రతిష్ఠ.

మిషన్ సులువుగానే కనపడింది. ఓబ్రాద్ లంచగొండి రైల్వే ఇంజనీరుగా వెళ్లాలి. సిగ్నళ్లన్నిటికీ తాళంచెవిలాంటి చిప్ అమ్ముతానని చెప్పాలి. అది ముఠా చేతిలో పడితే దేశంలో ఏ ఎర్రదీపాన్నయినా పచ్చగా మార్చేయగలరు. చిప్ అసలుదే ఇవ్వాలి, ఎందుకంటే వాళ్లు పరీక్షించి చూస్తేగానీ ముఠా నాయకుడు బయటికి రాడు. వచ్చినప్పుడు పట్టుకోవాలి. దారి చూపించేది ఇలోనా. ఆర్నెల్ల క్రితం ముఠాని వదిలి ఇటు చేరిన డబుల్ ఏజెంట్.

"నేను ఓబ్రాద్‌గారి భార్యగా వెళ్తాను" అంది ఇలోనా, కోటు కాలరు బొచ్చు సవరించుకుంటూ. "ఏ స్లాతినా అన్నది నాకూ పండుగ పొద్దుటే చెబుతారు."

"భార్య వేషం నేను వేస్తాను సార్" అంది స్తానియా. "ప్రాక్టీసుంది."

"నీ ఫోటో వాళ్ల దగ్గరుంది. నువ్వు నాతో వ్యాన్‌లో కూర్చుని విను."

ఓబ్రాద్ ఏమైనా అంటాడేమోనని స్తానియా అతని వైపు చూసింది. అతను ఇలోనాకి సిగరెట్ వెలిగిస్తున్నాడు.

* * *

పండుగ పొద్దున ఇలోనా చెప్పింది, ద్రినా నది వైపు, లోజ్నిత్సా దగ్గర స్లాతినా అని. అప్పటికే కల్నల్ మనుషులు మిగతా స్లాతినాలన్నిటికీ వెళ్లిపోయి ఉన్నారు. చేతిలో మిగిలింది రొట్టెల వ్యాన్ ఒకటి, అందులో కల్నల్, స్తానియా.

ఓబ్రాద్ చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. అతని మాటలు వ్యాన్‌లోకి వస్తాయి. ఇక్కడి మాట అతనికి వెళ్లదు. ఇంతకంటే నరకం ఏ పెళ్లానికీ ఉండకూడదని స్తానియా అనుకుంది.

ఇయర్‌ఫోన్లో ఇలోనా నవ్వు. "ఏమండోయ్ శ్రీవారూ, కిటికీ కాస్త దించనా? గాలి ఎంత బాగుందో!"

నవంబరు గాలి. రెండు కిటికీల మధ్య ఈదురుగాలి తగిలి స్తానియా మేనమామ మూతి వంకర పోయింది. ఓబ్రాద్ లోపల ఉన్ని బనీను వేసుకోలేదు, ఆమె మంచంమీద తీసిపెట్టినా వేసుకోలేదు. ఇలోనాతో వెళ్తున్నాడు కాబట్టి వేసుకోలేదు.

"దించు, దించు" అన్నాడు ఓబ్రాద్ హుషారుగా. "మా ఇంట్లో జూలైలో కూడా కిటికీ తీయనివ్వరు."

"అయ్యో పాపం! ఇదివరకు ఎప్పుడైనా స్లాతినా చూశారా?"

"మా ఆవిడది ఒకటుంది. మోకాలి లోతు బురద. ఇది చాలా బాగుంది."

స్తానియా చేతిలో పెన్సిలు విరిగింది. కల్నల్ ఇంకోటి అందించాడు.

బాగుందట! అదే మట్టి, అవే ప్లమ్ తోటలు, అదే పేరు. అక్కడ పక్కన బొచ్చు కాలరు లేదు, అంతే తేడా. పన్నెండేళ్ల కిందట ఆ బురదలోనే మోకాళ్లమీద కూర్చుని పెళ్లాడమని బతిమాలాడు. ఇప్పుడు ఊరిమీద కూడా మోజు తీరిపోయింది. నిజంగానే వదిలేసి వెళ్తే? అమ్మమ్మ దగ్గర దగ్గుతూ పడుకున్న కూతురు నెవెనాకి ఏం చెప్పాలి? లేదూ ఇదంతా నటనే అయి, ఆ ఆడది అతణ్ణి ఎక్కడో గోతిలోకి తీసుకుపోతుంటే? రెండింట్లో ఏది ఎక్కువ ఘోరమో ఆమెకి తేలలేదు. రెండోదే అని వెంటనే అనుకుని, మొదటిదాన్ని తల్చుకుని మళ్లీ కుమిలింది.

"వచ్చేశాం" అంది ఇలోనా. "పాఠం మళ్లీ చెప్పండి చూద్దాం. లోపలికి వెళ్లగానే?"

"శిలువ గుర్తు వేసుకోవాలి. ఇంటాయనకి స్లావా శుభాకాంక్షలు చెప్పాలి."

"తర్వాత తీపి గోధుమలు ఒక చెంచా. తినకపోతే అమర్యాద. మీకోసం అక్రోటు పప్పు బాగా వేయించమని చెప్పాను. తరతరాలుగా మిహైలో దేవదూతని కొలిచే ఇల్లు, పద్ధతి తప్పితే అనుమానపడతారు."

స్తానియా ఇయర్‌ఫోన్ తీసేసింది.

"సార్, అది స్లావా ఇల్లు కాదు."

"మళ్లీ మొదలెట్టావా?"

"గోధుమలు ఉడకబెట్టారట! గోధుమలు పెట్టేది పోయినవాళ్ల పేరిట. మిగతా పునీతులంతా చనిపోయారు కాబట్టి వాళ్ల పండుగకి పెడతారు. దేవదూతకి చావెక్కడిది? మా ఇంటి స్లావా ఆయనదే. మావైపు ఈ రోజున పొయ్యిమీద గోధుమ గింజ పడితే మా అమ్మ ఇల్లంతా కడిగిస్తుంది."

"నాకేం తెలుసు? మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి, మా ఇంట్లో స్లావానే లేదు. ఓబ్రాద్‌కి తెలియదా?"

"వాళ్లది నికోలా పునీతుడి ఇల్లు, ప్రతి ఏడూ గోధుమలు తింటాడు. మా ఇంట్లో లేవని ఎప్పుడు గమనించాడు కనక? వస్తూనే పందిమాంసం దగ్గర సెటిలవుతాడు." "ఆవిడ పరాయి మనిషి, పద్ధతి బట్టీపట్టింది. ఆ చెంచాలో విషం ఉంది సార్. స్లావాలో తాగి తిని ఒక మగాడు గుండె ఆగి పోతే ఎవరు అడుగుతారు? చిప్ వాళ్లకి, కన్నీళ్లు ఆవిడకి. రేపు మళ్లీ మన ఆఫీసులో నా కుర్చీలో కూర్చుంటుంది."

"స్తానియా, నువ్వు ఏడుపుతో మాట్లాడుతున్నావు. రెండేళ్ల ఆపరేషన్. నాయకుడు లోపలే ఉండి ఉంటాడు. కదలొద్దు, ఇది ఆర్డర్."

"ఏడుపే సార్. అయినా వెళ్తాను."

వేషాలకని డ్రైవరు సీటు వెనక తగిలించిన నల్ల తలగుడ్డ కట్టుకుంది. నడుం వంచింది. పండుగ కానుకలకని కాఫీ పొట్లం, పంచదార, పుట్టింటికి తీసుకెళ్దామని దాచుకున్న ప్లమ్ పళ్ల సారా సీసా పట్టుకుంది. ఇంకో ట్రాన్స్‌మిటర్ జాకెట్లో పెట్టుకుని దిగింది. తలుపు వేయడం మాత్రం మరచిపోలేదు, కల్నల్‌కి గాలి తగులుతుందని.

* * *

ఇల్లు ఊరి చివర ఒంటరిగా ఉంది. గుమ్మం తీసే ఉంది. ముందుగదిలో కొవ్వొత్తి, పండుగ రొట్టె, దేవదూత పటం, అన్నీ కుదిరాయి. వడ్డించిన చక్కెర గోధుమల పళ్లెం బల్ల మధ్యలో తెల్లగా మెరుస్తోంది. గుబురు మీసాల ఇంటాయన పక్కన నిలబడి ఉన్నాడు. ఓబ్రాద్ చేతిలో నిండు చెంచా ఉంది.

"స్లావా శుభాకాంక్షలు ఇంటాయనా!" అంది స్తానియా ముసలి గొంతుతో. "దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి!"

ఇంటాయన బిత్తరపోయాడు. "ఎవరు... అంటే, రండి పెద్దమ్మా, రండి."

"చాచాక్ స్లాతినా దాన్ని నాయనా. పేరొకటే కదా, చుట్టాలమే. ఊరు దాటుతూ ఓ గుక్క తాగిపోదామని వచ్చాను." ఆమె ఓబ్రాద్‌ని తోసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. "అబ్బ, ఎంత చక్కని పిల్ల! నువ్వు తిన్నావా తల్లీ?"

"తిన్నాను పెద్దమ్మా" అంది ఇలోనా తియ్యగా. "మావారు తినబోతున్నారు."

"చెంచాలన్నీ పొడిగా ఉన్నాయే! ఎంగిలి చెంచా గ్లాసు నీళ్లలో వేయాలి కదమ్మా. గ్లాసు ఖాళీ." స్తానియా ఒక చెంచా నింపి ఇలోనా పెదవుల దగ్గర పెట్టింది. "తినూ. పెద్దదాన్ని పెడుతుంటే కాదనకూడదు."

"నాకు... అక్రోటు పడదు."

"మరి మీ ఆయనకోసం వేయించమన్నది నువ్వే కదూ?"

ఓబ్రాద్ ఆ గొంతు గుర్తుపట్టాడు. స్తానియా అతని కళ్లలో అది చూసింది. చెంచా అతని నోటికి జానెడు దూరంలో ఆగింది.

"తినండి శ్రీవారూ" అంది ఇలోనా మెల్లగా. చేయి అతని భుజంమీద ఉంది. "ముసలావిడకి మతి చెడింది. నాయకుడు చూస్తున్నాడు. ఇక్కడ ఆగిపోతే మన శ్రమంతా వృథా."

ఎంత అందంగా చెప్పిందో! అంత అందంగా తనకి ఏనాడూ చెప్పడం రాలేదు. నమ్ముతాడు, ఆ చేతినే నమ్ముతాడు అనుకుంది స్తానియా. అసూయ గొంతుదాకా వచ్చి ఆమె కట్టిన ముసలి గొంతుని మింగేసింది.

"ఓబ్రాద్" అంది సొంత గొంతుతో. "కింద పెట్టు."

అతను చెంచా కింద పెట్టాడు. పన్నెండేళ్ల కాపురంలో మారుమాట లేకుండా విన్నది అదే మొదటిసారి.

ఇలోనా హ్యాండ్‌బ్యాగ్ లోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొనలో ఎరుపు లేదు, సన్నటి గొట్టం ఉంది. అది ఓబ్రాద్ ఛాతీవైపు తిరిగేలోపు ప్లమ్ పళ్ల సారా సీసా గాలిలో లేచి ఆమె మణికట్టుమీద పగిలింది. తూటా పండుగ రొట్టెలో దిగింది. ఇంటాయన పెరటి తలుపువైపు ఉరికాడు. ఓబ్రాద్ అతని మీసం పట్టుకున్నాడు. మీసం చేతికి వచ్చింది, మనిషి తప్పించుకుని గేటుదాకా పరిగెత్తాడు. అదే క్షణంలో రొట్టెల వ్యాన్ గేటు విరుచుకుంటూ లోపలికి దూకి అతణ్ణి గోడకి అదిమింది.

కల్నల్ దిగి ఆ మీసం లేని ముఖాన్ని తేరిపార చూశాడు. "దొరికాడు. వీడే నాయకుడు" అన్నాడు. తర్వాత స్తానియా వైపు తిరిగాడు. "'అక్రోటు పడదు' అని వినగానే బండి స్టార్ట్ చేశాను. నువ్వు చెప్పినప్పుడే చేయాల్సింది."

ఇలోనా చేతులకి బేడీలు పడ్డాయి. వ్యాన్ ఎక్కుతూ ఆగి, స్తానియాని నఖశిఖపర్యంతం చూసింది. "ఒక్క గోధుమ గింజతో పట్టేశారా నన్ను?"

"లేదు. మా ఆయనతో సిగరెట్ వెలిగింపించుకున్న రోజే పట్టేశాను" అంది స్తానియా. "సాక్ష్యం ఇవాళ దొరికింది."

ఓబ్రాద్ మెట్టుమీద కూలబడి ఉన్నాడు. స్తానియా అతని పక్కన కూర్చుని ముందు నాలుక చాపమంది, గింజ అంటుకుందేమోనని. తర్వాత కళ్లు చూసింది, నాడి చూసింది. అంతా అయ్యాక వీపుమీద ఒక్కటి చరిచింది.

"మా ఊళ్లో బురదా?"

"వేషం కోసం అన్నానే..."

"బాగా అన్నావు."

కల్నల్ గొంతు సవరించుకున్నాడు. ముఠాలో మిగిలిన ఒక్కడు బల్గేరియా స్లాతినాలో ఉన్నాడని నాయకుడు అప్పుడే కక్కాడట. రేపే వెళ్లాలి, ఓబ్రాద్‌కి మళ్లీ భార్య వేషంలో ఒకరు కావాలి. ఈసారి ఏ గొడవా రాకుండా రిటైరైన ఏజెంట్‌ని పిలుస్తున్నానన్నాడు. వయసు అరవై రెండు, మోకాళ్ల నొప్పులు, చెవి సరిగా వినపడదు.

స్తానియా ఓబ్రాద్ చొక్కా గుండీలు మెడదాకా పెట్టింది.

"వంటెలా చేస్తుంది?" అని అడిగింది.