అడ్డంగా సాగిన సున్నా

పొద్దున్నే ఏసమ్మ పొయ్యి ముందు కూర్చుని ట్రేసింగ్ కాగితాలు ఒక్కొక్కటే మంటలో పెడుతోంది. తెనాలిలోని ఎంబ్రాయిడరీ షాపుకి ఇరవై ఏళ్లుగా ఆవిడ గీసిచ్చిన డిజైన్ల నకళ్లవి. నెమళ్లు, ద్రాక్షగుత్తులు, చర్చి బల్లగుడ్డల మీది పావురాలు.

"ఇంకెందుకే ఇవి? షాపు నుంచి పాండురంగారావు గారు కబురెట్టి ఆర్నెల్లయింది," అంది.

కూతురు సరోజ జడ వేసుకుంటూ, "పోన్లేమ్మా, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనేగా," అని రేపల్లె స్టేషనుకి పరుగెత్తింది. ఏడింటి బండి తప్పితే షాపు తెరిచే వేళకి తెనాలి చేరలేదు.

ఆ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునేది సరోజే. ఆ కుర్చీ తనకెలా వచ్చిందో తలుచుకోవడం ఆమెకి ఇష్టం ఉండదు. 1998 మొదట్లో కంప్యూటర్ కొన్నప్పుడు, యజమాని పాండురంగారావు ఏసమ్మ గీసిన నెమలిని తెర మీద పెద్దగా చూసి నవ్వాడు. అన్నేళ్లూ ఆయన గుడ్డ మీద కుట్టాక వచ్చిన నెమళ్లనే చూశాడు గానీ గీతని ఏనాడూ పట్టించుకోలేదు.

"సున్నాలేంటమ్మాయ్, కోడిగుడ్లు పడుకోబెట్టినట్టున్నాయి?"

సరోజకి తల కొట్టేసినట్టయింది. "అమ్మకి చూపు తగ్గిందండి," అనేసింది. అంతే, ఆ తర్వాత ఏసమ్మకి కబురు లేదు; కంప్యూటర్ ముందు కుర్చీ సరోజకి వచ్చింది.

ఇవాళ షాపుకి చేరగానే సరోజ అదే నెమలి పని మొదలుపెట్టింది. గీత వెంట మౌస్ నడిపి, సూది ఎక్కడ మొదలవ్వాలో, దారం ఏ వైపు పడాలో, ఏ ఈక తర్వాత ఏ ఈకో కంప్యూటర్‌కి చెప్పింది. పింఛంలో కళ్లుగా అమ్మ గీసిన సున్నాల్ని మాత్రం చక్కగా, గుండ్రంగా దిద్దింది. తీరా ఫ్లాపీ మెషీన్లో పెడితే, జాకెట్ ముక్క మీద ఆ కళ్లన్నీ అడ్డంగా నొక్కుకుపోయి, సన్నగా నిలువుగా వచ్చాయి.

మెషీను నడిపే బ్రహ్మయ్య చూశాడు. "కుట్టు పడేకొద్దీ దారం గుడ్డని లాక్కుంటదమ్మా. అడ్డం కుట్టయితే అడ్డంగా కాస్త పెంచి గియ్యాలి. మీ అమ్మగారి సున్నాలు అట్టాగేగా ఉండేయి? కుట్టాక రూపాయి బిళ్లల్లే వచ్చేయి."

సరోజ సాయంత్రం బండిలో దారంతా ఏడుస్తూనే ఉంది.

"అమ్మా, ఆ కాగితాలు?" ఇంట్లో అడుగుపెడుతూనే అడిగింది.

"కాలిపోయినయ్. ఏంటే, ఏమైంది?"

"నీకు చూపు తగ్గిందని షాపులో చెప్పింది నేనేనమ్మా. తప్పు గీశావనుకున్నా. సిగ్గేసింది."

ఏసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వా? ఒక్కమాట నన్నడగొచ్చుగా? నేనేం పాపం చేశానా అని ఆర్నెల్లు ప్రార్థనలో ఏడ్చాను. నా చేతి అన్నం తింటా, రోజూ నా మొహం చూస్తా ఎట్టా ఊరుకున్నావే?"

సరోజ చెడిపోయిన ముక్క తీసి తల్లి ముందు పెట్టింది. ఏసమ్మ దాని వంక చూడకుండా మళ్లీ గరిటె తిప్పింది. చివరికి అందుకుని, రెండు బొటనవేళ్లతో అడ్డంగా సాగదీసింది.

"పల్చని గుడ్డ. దారప్పోగంత చాలదు, బియ్యపుగింజంత పెంచాలి. పెన్సిలియ్యి."

గీసింది. ఆర్నెల్లుగా పెన్సిల్ పట్టని వేళ్లకి గీత కుదరలేదు. కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ గీసింది. రెండోసారి కూడా సున్నా కొసలు కలవలేదు.

"చూపు తగ్గిందని నువ్వన్న మాట ఇప్పుడు నిజమైందే," అంది, కోపం లేకుండా.

సరోజ ఆ చేతిని పట్టుకుని బావురుమంది. ఏసమ్మ కూతురి తలని దగ్గరకి తీసుకుని, రెండో చేత్తో గుడ్డని పక్కకి జరిపింది.

"ఏడవమాక. గుడ్డ తడిస్తే కొలత మారుద్ది."